ఈటీ చదవని ఠీవి

శాలిబండ గడియార స్తంభానికి నాలుగు వైపులా నాలుగు లిపుల్లో అంకెలున్నాయి. ఎటునుంచి వచ్చినవాడైనా తనకొచ్చిన అక్షరాల్లో టైము చూసుకోవాలని 1904లో అంత మర్యాద చేశారు. దాని పక్కనుంచే పోయే కార్ల అలాయ్ చక్రాల మీద ఈటీ 45 అనో, ఈటీ 35 అనో ఒక్క లిపిలోనే అచ్చొత్తి ఉంటుంది గానీ చదివే నాథుడు లేడు. బోల్టు రంధ్రాలు కుదిరాయా, చూసినవాళ్లు కుళ్లుకుంటారా అన్న రెండే చూసి కొంటారు.

ఆ అంకే ఆఫ్‌సెట్. రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్యన గీత ఊహించుకోండి. హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి బయటి వైపుకు ఎన్ని మిల్లీమీటర్లుందో చెప్పేదే ఈటీ. అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికొస్తుంది. 6 అంగుళాల ఈటీ 45 రిమ్ తీసి 7 అంగుళాల ఈటీ 35 బిగించినవాడు ‘తేడా పదేగా’ అంటాడు. పెరిగిన అంగుళంలో సగం, అంటే 12.7, కూడా బయటికే వస్తుందని మరిచిపోతాడు. మొత్తం 22.7, రెండు వైపులా కలిపి నాలుగున్నర సెంటీమీటర్లు. రంజాన్ సాయంత్రం చార్మినార్ దారిలో అది స్థిరాస్తి. సైడు అద్దం ఇంకా బయటికుంటుంది కదా అంటారేమో, అద్దాన్ని మడవొచ్చు.

చక్రాలు ఎడంగా ఉంటే కారు నిలకడగా ఉంటుందన్న వాదనలో నిజముంది. మలుపులో ఒరగడం కొంత తగ్గుతుంది. మేకలు దారిచ్చిన వేగంతో తిరిగే మలుపుల్లో ఒరిగేదెంత? టైరు ఆనే చోటు స్టీరింగు తిరిగే ఇరుసుకు దూరం జరిగినకొద్దీ ప్రతి గుంతా స్టీరింగును చేతుల్లోంచి లాక్కుంటుంది, హబ్ బేరింగు మీద భారం పెరుగుతుంది, బురద నేరుగా తలుపుల మీదికి చిమ్ముతుంది. పక్కనే చౌమహల్లాలో ఉన్న నిజాం గారి 1912 రోల్స్‌రాయిస్‌కు చక్రాలు బయటే ఉన్నాయని ఎవరైనా చూపించవచ్చు. ఆ కారును గీసినవాళ్లే చక్రాల మీద మడ్‌గార్డులూ గీశారు. పైగా అది తిరిగింది బహు తక్కువ.

అలాగని ఈటీ పెంచుకుంటూ పోతే టైరు లోపల స్ట్రట్‌ను రాసుకుంటుంది. అప్పుడు స్పేసర్ వేద్దామంటారు. 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే 45 కాస్తా 35 అవుతుంది, నట్టు పట్టే మరలు కూడా ఆ మేరకు తగ్గుతాయి. పొడవు స్టడ్డులు వేయించకుండా స్పేసర్ ఒక్కటే ఇరికించినవాడికి ఫెండరు కొలతలతో పనిలేదు. ఏదో ఒక రోజు చక్రమే కారును దాటి ముందెళ్తుంది.