వీడ్కోలు వీరుడు

జపాన్ రైలు పిచ్చివాళ్లలో ఫొటోలు తీసేవాళ్లు వేరు, ఊరికే ఎక్కి తిరిగేవాళ్లు వేరు, మోటారు చప్పుడు రికార్డు చేసుకునేవాళ్లు వేరు. అన్ని గుంపుల్లోంచీ పుట్టుకొచ్చిన తెగ ‘సోషికి-తెత్సు’, అంటే రైళ్ల అంత్యక్రియలకు హాజరయ్యే బాపతు. ఫలానా రైలుకు రిటైర్మెంటు ఖాయమని తెలిసిన మర్నాడే ఇతనికి దానిమీద ప్రేమ పుడుతుంది.

201 సిరీస్ లోకల్ రైలునే తీసుకుంటే, జపాన్ నేషనల్ రైల్వే దాన్ని 1979లో పట్టాలెక్కించింది. అంతకుముందున్న 103 రకం బయల్దేరేటప్పుడు రెసిస్టర్లలో బోలెడు కరెంటును వేడిగా తగలేసేది. 201లోని థైరిస్టర్ చాపర్ కరెంటును క్షణానికి వందలసార్లు తెంచి కలుపుతూ మోటారుకు కావలసినంతే ఇస్తుంది. బ్రేకు వేసినప్పుడు పుట్టిన కరెంటు మళ్లీ పై తీగలోకి పోతుంది. చమురు సంక్షోభం నాటి పొదుపు బుద్ధి ఇది. తీరా చూస్తే ఆ పొదుపు యంత్రమే తడిసి మోపెడైంది. 1985కల్లా 1,018 పెట్టెల దగ్గర తయారీ ఆగింది. టోక్యో చూవో లైనులో ఆ నారింజరంగు పెట్టెల్లో ఊపిరాడకుండా నిలబడి ఆఫీసుకెళ్లిన పాతికేళ్లలో ఈ వీరుడు దాన్ని తలెత్తి చూసిన పాపాన పోలేదు. చచ్చినవాడి కళ్లు చారెడు.

పైగా 201 ఒక్కసారిగా పోలేదు. చూవో లైనులో 2010లో, కేయో లైనులో 2011లో, ఒసాకా లూప్‌లైనులో 2019లో, చివరికి నారా వైపు యమాతోజి లైనులో 2025లో పోయింది. ఒకే రైలుకు నాలుగు కర్మలు. ప్రతిసారీ కన్నీళ్లు మాత్రం కొత్తవే.

ప్లాట్‌ఫాం చివర ఇతని నిజరూపం బయటపడుతుంది. తెల్లారకముందే చోటు పట్టి, కెమెరాకు ఎవరైనా అడ్డొస్తే గొంతు చించుకుంటాడు. పసుపు గీత వెనక్కి జరగమని స్టేషను సిబ్బంది మైకులో మొత్తుకుంటారు. చప్పుడు రికార్డు చేసుకునేవాడు కాస్త నయం. మోటారు పెట్టెలో మైకు పట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు. చాపర్ మూలుగు మొదలయ్యే క్షణానికే ఎదుటి సీట్లో పసివాడు ఆరున్నొక్క రాగం అందుకుంటే, కళ్లతోనే శపించి ఊరుకుంటాడు.

ఈ గుంపుల బెడద పడలేక కొన్ని కంపెనీలు చివరి రోజు ఎప్పుడో ముందుగా చెప్పడం మానేశాయి. దానివల్ల లాభమేమీ లేదు. ఏ పెట్టెకు పెద్ద తనిఖీ ఎప్పుడు జరిగిందో దాని చివరి గోడమీద సంవత్సరం, నెలతో సహా రాసే ఉంటుంది. వీరుడు గడువు లెక్కగట్టి, ఆఫీసులో సెలవు ముందే పెట్టేస్తాడు.