అక్షాంశం, రేఖాంశం, హాజరు

సోషల్ మాస్టార్లకు డిజిటల్ అంటే గిట్టదని ఎవరో పుకారు పుట్టించారు. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ బడుల్లోకి ముఖ హాజరు యాప్ వచ్చింది మొదలు, అక్షాంశ రేఖాంశాలను వాళ్లంత నిష్ఠగా పాటించేవాళ్లు ఈ భూగోళం మీదే లేరు. రాజమండ్రి దగ్గర బడి అనుకోండి. 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం, దాదాపు 82 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసేచోట, సిగ్నల్ అందే వేపచెట్టు కింద, సొంత ఫోను, సొంత డేటాతో నిలబడి ముఖం చూపించాలి. కొలంబస్ ఎక్కడో దిగి ఇండియా అనుకున్నా చెల్లిపోయింది. ఆయనకు యాప్ లేదు.

2023లో బడులను బాగుచేసే నాడు-నేడు పథకం కింద హైస్కూలు గోడలకు పెద్ద డిజిటల్ ప్యానెళ్లు ఎక్కాయి. కుర్ర టీచర్లు వాటికి హారతి పడతారనీ, రిటైర్మెంటుకు దగ్గరపడ్డవాళ్లు మొహం చిట్లిస్తారనీ మీరు అనుకుంటారు. నాకు తెలిసిన బడిలో కథ అడ్డం తిరిగింది.

"సిలబస్ అవ్వొద్దాండీ? వీడియో పెడితే నోరు తెరుచుకుని చూస్తారు, ఆగగానే మూసేస్తారు. అదే బోర్డు మీద గోదావరి గీస్తే 'వంకరపోయింది మేడమ్' అనైనా అంటారు," అంటుంది డీఎస్సీలో కొత్తగా వచ్చిన టీచరమ్మ. ఆవిడది సుద్దముక్క పక్షం.

సీనియర్ మాస్టారు మాత్రం గూగుల్ ఎర్త్ తెరిస్తే ఆగరు. గోడ మ్యాపులో ఆఫ్రికాతో సరితూగే గ్రీన్‌లాండ్‌ను గుండ్రంగా తిప్పి, అది ఆఫ్రికాలో పద్నాలుగో వంతేనని చూపిస్తారు. 1569లో మెర్కేటర్ ఆ పటం గీసింది నావికుల కోసం. ఓడలు దారి తప్పలేదు గానీ, బడిపిల్లల లెక్కలే తప్పాయి. అంతలో వెనక బెంచీ నుంచి కేక: "మా ఇల్లు చూపించండి సార్!" నన్నడిగితే భూగోళం మొదలయ్యేది ఆ కేకతోనే. మాస్టారు ఇల్లు పట్టుకున్నారు, ఇంటి పక్క పంటకాలువ పట్టుకున్నారు, కాలువ వెంట ఎదురెక్కి, కాటన్ 1852కల్లా ఆనకట్ట పూర్తిచేసిన ధవళేశ్వరం చేరారు. అక్కణ్ణుంచి గోదావరి పుట్టిన త్ర్యంబకం దాకా వెళ్లాలని ఉబలాటం. భద్రాచలం దాటారో లేదో, మధ్యాహ్న భోజనం ఫొటో, మరుగుదొడ్ల ఫొటో ఇంకా ఎక్కలేదని ఫోను మోగింది. 1465 కిలోమీటర్ల నదికి ఆ పూట అదే ఆనకట్ట.

పదో తరగతి పరీక్షలో ఇచ్చేది అచ్చు పటం, పట్టుకునేది పెన్ను. ఆకాశం నుంచి తన పెరట్లో ములగచెట్టు చూసొచ్చిన పిల్లాడు అక్కడ రెండు వేళ్లతో కాగితాన్ని ఎంత సాగదీసినా ధవళేశ్వరం దగ్గరకు రాదు.

టీచర్ల అభిప్రాయాలు అడగడం లేదనకండి. లింకు పంపే అడుగుతారు. ప్యానెల్ బోధన ఎలా ఉంది? అద్భుతం, చాలా బాగుంది, బాగుంది: వీటిలో ఒకటి నొక్కితేనే తర్వాతి ప్రశ్న. చివర్న 'సూచనలు' అనే గడి కనబడేసరికి మాస్టారు ముచ్చటపడి, "ఏడో తరగతికి గ్లోబు ఒకటి కావాలి" అని రాశారు.

జవాబు వెంటనే వచ్చింది: "గ్లోబు మీ ప్యానెల్‌లోనే ఉన్నది. కరెంటు ఉన్నప్పుడు చూసుకోగలరు."