అర్హతతో పనేముంది, అప్పు పుడితే చాలు

ఏ దేశం పోవాలో ముందు ఖాయం చేసుకో తమ్మీ. నీకొచ్చిన పనేంటో తర్వాత చూసుకోవచ్చు. స్టేషన్ ఘన్‌పూర్‌లో చాయ్ తాగుతూ ఎవరినైనా అడుగు. "మావోడు కెనడా పోతాండు", "మా అల్లుడు లండన్ల ఉన్నడు" అంటారు. "కరెంటు పనికి పోతాండు" అని ఒక్కరు అనరు. పని పేరు చెప్తే పరువు తగ్గుతుంది, దేశం పేరు చెప్తే కట్నం పెరుగుతుంది. చిల్పూర్ మండలం నుంచి విమానం ఎక్కాలనుకునే ప్రతివాడూ ముందుగా నేర్చుకోవలసిన లెక్క ఇదే.

ఆ దేశాల వాళ్లది తలకిందుల పద్ధతి. నువ్వెవరి కొడుకువి, ఎన్నెకరాల ఆసామివి అని అడగరు, ఏం పని చేస్తావని అడుగుతారు. ప్రపంచంలో ఉన్న పనులన్నిటికీ నంబర్లు వేసి పట్టికలు రాసుకుంటారు. కెనడా వాళ్ల పట్టిక పేరు ఎన్ఓసీ. ఆస్ట్రేలియాలో కంప్యూటర్ చదువులను ఏసీఎస్ అనే సంస్థ తూకం వేస్తుంది, చేతిపనుల వాళ్లను టీఆర్ఏ అనే మరో సంస్థ పరీక్షిస్తుంది. నీ పని ఆ పట్టికలో ఉందా లేదా అన్నది ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. అందుకే చూడకు. ఉచితంగా దొరికేదానికి విలువేముంది? అదే ముక్కను హనుమకొండలో ఏసీ గదిలో, టై కట్టుకున్న కుర్రాడి నోట, యాభై వేలు కట్టి వింటే గుండెకు హత్తుకుంటుంది. గోడ మీద ఎన్ని దేశాల జెండాలుంటే ఆ ఆఫీసు అంత గట్టిదని గుర్తు.

వయసు గురించి తొందరపడకు. కెనడా వాళ్ల మార్కుల్లో 20 నుంచి 29 ఏళ్ల మధ్య ఉన్న పెళ్లికాని మనిషికి వయసుకే 110 మార్కులు వేస్తారు. ముప్పై నుంచి ఏటా అయిదారు చొప్పున కోసుకుంటూ పోతారు. నలభైకి యాభై మిగులుతాయి, నలభై అయిదుకు సున్నా. ఆస్ట్రేలియా అయితే 45 నిండినవాడికి తలుపే తీయదు. కనుక ముందు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకుని గ్రూప్స్ నోటిఫికేషన్ కోసం నాలుగేండ్లు చూడు. తర్వాత చెల్లె పెండ్లి చెయ్యి. బోరు వెయ్యి, నీళ్లు పడకపోతే ఇంకోటి వెయ్యి. అవన్నీ తీరాక ముప్పై ఎనిమిదో ఏట ఫైలు పెట్టు. పెద్దమనిషికి ఎక్కడైనా మర్యాద ఉంటుంది.

భాష సంగతీ అంతే. ఐఈఎల్‌టీఎస్‌కు ఆరు నెలలు కూర్చోవడం దండగ, రెండు వారాల క్రాష్ కోర్సు సరిపోతుంది. ఫ్రెంచి జోలికి మాత్రం అసలే పోకు. 2025 మార్చిలో కెనడా ప్రభుత్వం ఫ్రెంచి వచ్చినవాళ్లను 379 మార్కులకే పిలిచింది. అదే ఏడాది, కెనడాలోనే ఉద్యోగం చేసి అనుభవం సంపాదించినవాళ్లకు కూడా అయిదు వందలు దాటితే గానీ పిలుపు రాలేదు. ఆ నూరు మార్కుల కోసం ఎవరి భాషో నేర్చుకోవడమేంటి, అభిమానం ఉండొద్దూ?

కాయిదాల విషయంలో నిశ్చింతగా ఉండు. పదో తరగతి మెమోలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు, పాస్‌పోర్టులో మూడో పేరు ఉంటే మూడు జన్మల పుణ్యం ఒక్క ఫైల్లోకి వచ్చినట్టు. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తి పేరు, వేరేచోట అసలు లేదు. బడిలో చేర్పించిన రోజు సారు తోచిన పుట్టినరోజు వేసి ఉంటాడు, దాన్నీ కదపకు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, పేరంతా ఒక్క గడిలోనే కుక్కితే ఒక లాభముంది. అమెరికా వీసా మీద నీ మొదటి పేరు ఎఫ్ఎన్‌యూ అని అచ్చవుతుంది, అంటే మొదటి పేరు తెలియదని. మీ తాత పేరు పెట్టినందుకు ఇంట్లో పంచిపెట్టిన బెల్లం సంగతి వాళ్లకేం తెలుసు. బ్యాంకులో, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో 'ఎఫ్ఎన్‌యూ గారూ' అని పిలిచినప్పుడల్లా ఊరు గుర్తొస్తుంది.

నీకు నిజంగానే చేతిపని వస్తే, ఆ సంగతి ఎవరికీ చెప్పకు. ఈ సలహా మీద కాస్త ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే మన దగ్గర అందరూ పాటిస్తున్నది ఇదే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేసినవాణ్ని బంధువులు 'బీటెక్ దొరకలేదా' అని అడుగుతారు. బీటెక్ చేసి అయిదేండ్లుగా ఖాళీగా ఉన్నవాణ్ని 'ఇంజనీరు సాబు' అంటారు. జర్మనీ 2024 జూన్‌లో ఆపర్చునిటీ కార్డు అని ఒకటి మొదలుపెట్టింది. ఉద్యోగం చేతిలో లేకున్నా అక్కడికి పోయి వెతుక్కోవచ్చు. అడిగేదల్లా డిగ్రీ గానీ, సొంత దేశం గుర్తించిన కనీసం రెండేండ్ల వృత్తి శిక్షణ గానీ. దానికి తోడు జర్మన్ ఏ1 స్థాయో, ఇంగ్లిషు బీ2 స్థాయో ఉండాలి, వయసూ అనుభవమూ లాంటివాటితో ఆరు పాయింట్లు రావాలి, ఏడాది తిండికి సరిపడా డబ్బు చూపాలి. మన ఐటీఐల్లో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ కోర్సులు రెండేండ్లవి, వెల్డర్ కోర్సు ఒక్క ఏడాదిది. పదో తరగతి పాసైన పిల్లవాడు ఏ ట్రేడ్ తీసుకోవాలో ఖాయం చేసుకునే రోజున ఈ ఒక్క ముక్క తెలిసి ఉంటే చాలా మారుతుంది. కాబట్టి ఆ రోజున ఏ సారూ చెప్పకూడదు, ఏ తండ్రీ అడగకూడదు. ఫ్రెండు ఏది తీసుకుంటే అదే తీసుకో.

టామ్‌కామ్ అని రాష్ట్ర ప్రభుత్వానిదే ఒక కంపెనీ ఉంది, 2015లో పెట్టారు. నర్సులను జర్మనీకి, జపాన్‌కు పంపే పని చేస్తుంది. 2024లో ఇజ్రాయెల్ నిర్మాణ పనులకు హైదరాబాద్‌లో ఎంపికలు పెట్టింది. ప్లాస్టరింగ్, టైల్స్, షట్టరింగ్, ఐరన్ బెండింగ్ పనులవి. అక్కడ యుద్ధం నడుస్తోందని తెలిసి కూడా జనం క్యూ కట్టారు, అది వేరే బాధ. కానీ సర్కారు ఆఫీసు కదా, నమ్మడమెట్లా? రసీదు ఇస్తారు, పని చేతితో చేసి చూపించమంటారు. మన ఏజెంటు అయితే రసీదూ ఇవ్వడు, చేయి కూడా చూడడు.

గల్ఫ్ పోయేవాడికి ఇంకా సులువు. లైసెన్సున్న ఏజెంటు 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలని కేంద్రం నియమం. అంటే 35,400. లక్షన్నర అడిగినవాడి దగ్గరికే పో, మంచి సరుకు ఎప్పుడూ పిరమే. పదో తరగతి పాసుకాని వాళ్లకు ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు, సౌదీ, కువైట్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. ఆ అనుమతితోపాటు ప్రవాసీ భారతీయ బీమా వస్తుంది: రెండేండ్లకు 275 రూపాయలు కడితే ప్రమాదంలో చనిపోయినా, అవిటితనం వచ్చినా పది లక్షలు. ఆ 275 మిగిలించుకోవాలంటే విజిట్ వీసా మీద పో. లేదా ఆజాద్ వీసా కొనుక్కో, కాయిదం మీద ఒక యజమాని, పని ఇంకెవరి దగ్గరో. పట్టుబడేదాకా ఆజాదే. ఆ తర్వాత ఖల్లివల్లి అంటారు, అంటే కాయిదాల్లేని మనిషి. ఖల్లివల్లి అయినవాడు ఊళ్లో తల్లి పోయినా రాలేడు, వచ్చిననాడు మళ్లీ పోలేడు.

బ్రిటన్ మీద మనసుంటే, ముందు సీఓఎస్ ఎంతకు దొరుకుతుందో అడుగు. అది ఉద్యోగమిచ్చే కంపెనీ నీకు ఇవ్వాల్సిన స్పాన్సర్‌షిప్ కాయిదం. దాని రుసుము కంపెనీయే కట్టుకోవాలి, పనివాడి మీద వేయకూడదని 2024 డిసెంబరు 31 నుంచి నియమం కూడా పెట్టారు. మన సందుల్లో మాత్రం అది లక్షల్లో దొరికే సరుకు. 2024 ఏప్రిల్‌కు ముందు స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలు జీతం హద్దు ఏడాదికి 26,200 పౌండ్లు. ఆ నెలలో 38,700 చేశారు. 2025 జులై 22 నుంచి 41,700. అదే రోజున వృద్ధుల సేవకు బయటి దేశాల నుంచి మనుషులను తీసుకోవడమే ఆపేశారు, కొత్త పనులకు డిగ్రీ స్థాయి అడగడం మొదలుపెట్టారు. ఇవన్నీ ఏజెంటుకు తెలియవు, పాపం. అతని ఫోన్లో ఉన్న వాట్సాప్ మెసేజ్ 2023లో వచ్చిందే. ఒకవేళ పోయాక స్పాన్సర్ లైసెన్సు రద్దయితే, ఇంకో యజమానిని వెతుక్కోవడానికి మామూలుగా అరవై రోజులిస్తారు. అరవై రోజుల్లో ఒక వరి పంట కూడా కోతకు రాదు.

అమెరికా దారి తెలియని తెలుగువాడు ఉండడు కనుక దీని గురించి ఎక్కువ చెప్పను. ఏడాదికి హెచ్-1బీ వీసాలు 65,000, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు ఇంకో 20,000. 2023 వసంతంలో లాటరీకి చెల్లే దరఖాస్తులు 7,58,994 వచ్చాయి. వాటిలో 4,08,891 ఒకే మనిషి పేరు మీద ఒకటికి మించి వేసినవే. తెలివితేటలంటే అవీ. మరుసటి ఏడాది నుంచి పాస్‌పోర్టు నంబరు చూసి మనిషికొక్క చీటీయే అన్నారు. అయినా నువ్వు నాలుగు కంపెనీలకు కట్టు, వాళ్లూ బతకాలి కదా. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడు ట్రంప్ ఉత్తర్వుతో, దేశం బయటి నుంచి కొత్తగా తెచ్చుకునే హెచ్-1బీ మనిషికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్నారు. 2026 నుంచి జీతం స్థాయిని బట్టి చీటీలు: నాలుగో స్థాయికి నాలుగు, మొదటి స్థాయికి ఒక్కటి. నీకు మొదటి స్థాయి జీతం ఇచ్చి, మూడేండ్ల దొంగ అనుభవం రెజ్యూమెలో రాసే కన్సల్టెన్సీ ఉందంటే వదలకు.

చదువు పేరుతో పోతే యూనివర్సిటీని దాని వెబ్‌సైట్ బొమ్మలు చూసి ఎంచుకో. క్లాసులుంటాయా, పంతుళ్లుంటారా అని అడగడం మొరటుతనం. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడింది. అక్కడ పేరు నమోదు చేసుకున్నవాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే, కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టారు. ఎనిమిదేండ్లు తిరిగేసరికి మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బండారం బయటపడింది. ఒక్క క్లాసు లేదు, ఒక్క ప్రొఫెసర్ లేడు. ఎందుకంటే దాన్ని పెట్టింది అమెరికా ఇమిగ్రేషన్ పోలీసులే. 2019 జనవరిలో పట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది తెలుగు పిల్లలే, వాళ్లను చేర్పించి కమిషన్ తీసుకున్నారని కేసు పడ్డ ఎనిమిది మందీ మనవాళ్లే. ఒక ఊరి పిల్లవాణ్ని ముంచడానికి అదే జిల్లావాడు కావాలి, బయటివాడి మాట మనం వినం.

ఏ పనీ రాదు, ఏ మార్కులూ లేవంటే దిగులుపడకు. థాయిలాండ్‌లో డేటా ఎంట్రీ, నెలకు లక్ష జీతం, ఇంటర్వ్యూ టెలిగ్రామ్‌లోనే. బ్యాంకాక్‌లో దిగాక కారులో సరిహద్దుకు, అక్కడి నుంచి ఏరు దాటి మయన్మార్‌కు. పాస్‌పోర్టు వాళ్లే భద్రంగా దాచిపెడతారు. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని జనాన్ని మోసం చేయాలి. 2025 మార్చిలో అలాంటి చోట్ల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. తిరుగు టికెట్ ఖర్చు కూడా లేదు చూశావా.

ఇక అసలు అర్హత, అప్పు. పదిహేను లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చావనుకో. నెలకు ముప్పై వేలు, ఏడాదికి మూడు లక్షల అరవై వేలు, అసలు ముట్టకుండానే. వీసా తిరస్కరించినా మిత్తి తిరస్కరించరు. ధైర్యం చాలకపోతే గుట్టెక్కి బుగులు వేంకటేశ్వరస్వామిని చూడు. పెండ్లికి కుబేరుడి దగ్గర చేసిన అప్పు తీర్చలేక, బుగులు పట్టి స్వామి ఈ చిల్పూర్ గుట్టకే వచ్చాడని స్థలపురాణం. ఏడుకొండలవాడే అప్పు చేస్తే మనమెంత? ఒక్కటే తేడా, ఆయనకు తిరుమలలో హుండీ ఉంది. వీసా కోసం పదకొండు ప్రదక్షిణలు చేయాల్సిన చిలుకూరు వేరే ఉంది, హైదరాబాద్ అవతల. అక్కడ హుండీయే లేదు. అట్లా మిగిలిన పైసలు కన్సల్టెన్సీకి కట్టు.

ఆఖరుగా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్లో తెరవకూడనివి మూడున్నాయి. మన విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్‌లో ఉన్న లైసెన్సు ఏజెంట్ల జాబితా ఒకటి. స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల పేర్లతో బ్రిటన్ ప్రభుత్వం పెట్టే జాబితా రెండోది. నీ మార్కులు నువ్వే లెక్కేసుకునేట్టు కెనడా ప్రభుత్వం పెట్టిన లెక్కింపు మూడోది. దేనికీ పైసా ఫీజు లేదు, ఎవరి పరిచయమూ అక్కర్లేదు. ఆ మూడూ చూసినవాడు మా సలహాలకు పనికిరాడు.