థర్డ్ డివిజన్‌లో ఎమ్మైటీ

మా చిన్నప్పుడు ఆటలాడితే చదువు చెడిపోతుందనేవారు. డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న మా తెలుగువాళ్ళకి ఈమధ్య జ్ఞానోదయమైంది. ఆడకపోతే మంచి కాలేజీలో సీటే రాదట! దాంతో, ఒకప్పుడు గోళీలాడినందుకు వీపు విమానం మోత మోగించుకున్న మహానుభావులే పొద్దున్న ఐదున్నరకి పిల్లల్ని లేపి టెన్నిస్ కోర్టులకి తోలుతున్నారు. మా ఆయన వాళ్ళలో అగ్రగణ్యులు.

ఆయన ఎంసెట్ రాసిన మనిషి. ర్యాంకు లేని వస్తువు కంటికి ఆనదు. టెన్నిస్‌లో యూటీఆర్ అని ఒక రేటింగుంది. ఆడిన మ్యాచ్‌ని బట్టి దశాంశాలతో సహా పైకీ కిందికీ కదులుతుంటుంది. కాలేజీ కోచ్‌లు ముందుగా చూసేది దాన్నే. ఇంకేముంది, మావాడు తొమ్మిదో క్లాసులో ఉండగానే ఆయన పొద్దున్నే దేవుడి పటానికంటే ముందు ఆ అంకెకి దణ్ణం పెట్టడం మొదలెట్టారు.

కోచ్‌లకి ఉత్తరాలు పిల్లలే రాయాలి. పెద్దవాళ్ళు రాస్తే కోచ్‌లకి గిట్టదు. అది తెలిసి కూడా ఈయన వాడి పేరుతో ఒకటి తయారుచేశారు. "రెస్పెక్టెడ్ సర్, ఐ బెగ్ టు స్టేట్ దట్" అని మొదలై, "యువర్స్ ఒబీడియంట్లీ" అని ముగిసింది. మధ్యలో వాడి లెక్కల మార్కులు, కూచిపూడి నేర్చుకుంటున్న చెల్లెలి ప్రస్తావన. మావాడు చదివి, "నాన్నా, ఇది జ్వరమొచ్చిందని సెలవడిగినట్టుంది" అని మొత్తం కొట్టేసి నాలుగు వాక్యాల్లో తేల్చేశాడు.

జవాబు రాలేదు. రాదు కూడా. కాలేజీ ఆటల్ని నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం, పై మెట్టైన డివిజన్ వన్ టెన్నిస్ కోచ్‌లు పదో తరగతి అయ్యాక జూన్ 15 దాకా పిల్లలతో జట్టులో చేరిక గురించి మాట్లాడకూడదు. క్యాంపు కరపత్రాలు మాత్రం ఎప్పుడైనా పంపొచ్చు. అలాంటిదొకటి రాగానే ఆయన తెనాలికి ఫోన్ చేసి "పిలుపొచ్చిందమ్మా" అన్నారు. అత్తయ్యగారు కొబ్బరికాయ కొట్టించేశారు. అది డబ్బు కట్టి మనమే వెళ్ళాల్సిన క్యాంపు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 కోర్ కోర్సులు పూర్తిచేయాలి. వాటిలో 10 పన్నెండో తరగతి మొదలయ్యేలోపే అయిపోవాలి. ఆ కోర్సుల్లో జీపీఏ కనీసం 2.3 ఉండాలి. ఆ అంకె వినగానే మా ఆయన ముఖం చూడాలి! మా ఇంట్లో 3.9 వస్తేనే పరామర్శకి ఫోన్లొస్తాయి.

అసలు దెబ్బ డివిజన్ల దగ్గర తగిలింది. ఎమ్మైటీ ఆడేది డివిజన్ త్రీలో. షికాగో యూనివర్సిటీ, క్యాల్‌టెక్ కూడా అక్కడే. "ఎమ్మైటీ థర్డ్ డివిజనా?" అని ఆయన సోఫాలో కూలబడ్డారు. థర్డ్ క్లాసులో పాసైన మేనమామని జీవితాంతం ఎగతాళి చేసిన వంశం మరి. పైగా డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు. పోనీ డివిజన్ వన్‌లో ఉన్న ఐవీ లీగ్ చూద్దామంటే, హార్వర్డ్, యేల్ సహా ఆ ఎనిమిదీ ఆటకని పైసా ఇవ్వవు. మిగతాచోట్ల మొన్నమొన్నటిదాకా మగపిల్లల టెన్నిస్ జట్టు మొత్తానికి కలిపి 4.5 స్కాలర్‌షిప్పులే. దాన్ని అన్నదమ్ములు అరెకరం పంచుకున్నట్టు పంచేవారు. ఎన్‌సీఏఏ మీద కేసులో రాజీని కోర్టు 2025లో ఆమోదించాక, అందులో చేరిన కాలేజీలకి ఆ పరిమితి పోయింది కానీ, జట్టులో 10 మందికి మించకూడదన్నారు. ఆ పదిలో కూడా విదేశాలనుంచి దిగిన కుర్రాళ్ళు బోలెడంతమంది.

కోచ్‌లకి పంపే ఆట వీడియో కథ వేరు. వాళ్ళకి నాలుగు పాయింట్లు తిన్నగా కనబడితే చాలు. ఎండలో కెమెరా పక్కనే, అప్పటికి మా ఇంటికొచ్చిన అత్తయ్యగారి కుర్చీ. మావాడు బ్రహ్మాండంగా సర్వీస్ కొట్టిన ప్రతిసారీ వెనకనుంచి "దిష్టి తగుల్తుంది, చాల్లే కన్నా, కాసిని మజ్జిగ తాగు" అని వినబడుతుంది. శబ్దం తీసేసి పంపాడు.

ఆట పేరుతో అడ్డదారి తొక్కినవాళ్ళూ ఉన్నారు. 2019లో రిక్ సింగర్ అనే ఆయన భాగోతం బయటపడింది. ఆట రాని పిల్లల్ని డబ్బు తీసుకుని ఆటగాళ్ళుగా చూపించి కాలేజీల్లో చేర్పించాడు. ఎప్పుడూ తెడ్డు పట్టనివాళ్ళని రోయింగ్ మిషను మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయించారు. అది చదివి మా ఆయన నిట్టూర్చారు: "మనం అమాయకులం, నిజంగానే ఆడించాం."

మీ ఇంట్లో తొమ్మిదో క్లాసు పిల్లలుంటే ఒక్క మాట. ఆ 16 కోర్సుల జాబితా స్కూల్ కౌన్సిలర్ని అడిగి ఇప్పుడే తెచ్చుకోండి. ఉత్తరాలు వాళ్ళనే రాసుకోనివ్వండి. కోచ్ మ్యాచ్‌కొస్తే పిల్లాడితోపాటు తల్లిదండ్రుల్నీ గమనిస్తాడు కాబట్టి, ఆ రెండు గంటలూ మీవారిని ఏదో ఒక పని చెప్పి ఇండియన్ స్టోర్‌కి పంపించండి.