లారీ వెనుక వ్రాతలను గూర్చి రవాణా కమిషనరు వారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ రవాణా కమిషనరు వారి దివ్యసముఖమునకు,

16వ నంబరు జాతీయ రహదారిపై, భీమవరపు చేపలను మంచుపెట్టెల కెత్తి హౌరాకు కొనిపోవు లారీల వెనుక, వాని తలుపుల సందులనుండి కారు నీటిని ముఖమున ధరించుచు, మోటారు సైకిలుపై పోవు సామాన్యుడను. ముందు దారి కానరాదు గనుక ఎదుట నున్న వ్రాతనే చదువుకొనుచుందును.

ఆ తలుపుపై "నన్ను చూసి ఏడవకురా" అను ధిక్కారము లతల నడుమ, ఇరువైపుల నెమళ్లతో, ముత్యములవంటి తెలుగక్షరములలో విరాజిల్లుచుండును. ఏడ్చు ఉద్దేశము నా కెన్నడును లేదు. అయినను సంపూర్ణముగా బోధపడును. కాని గాలి బ్రేకుల బండి ఉన్నట్టుండి ఆగునని, వెనుకవాడు ఎడముగా నుండవలెనని తెలుపు "ఎయిర్ బ్రేక్", "కీప్ డిస్టెన్స్" అనునవి మాత్రము ఆంగ్లమున నుండును. పాలక్యానులు కట్టుకొని మోపెడుపై నా వెనుక వచ్చు మా ఊరివానికి తిట్టు తెలియును, ప్రమాదము తెలియదు.

1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములు బండి నంబరును ఆంగ్లాక్షరములలో వ్రాయుమన్నవి. అది చెక్‌పోస్టు వారికొఱకు, వారు చదువుకొన్నవారు. మహారాష్ట్ర ప్రభుత్వము 2015లో "హార్న్ ఓకే ప్లీజ్" అను వ్రాతను నిషేధించినది. అది నేటికిని నా కంటబడుచునే యున్నది. విజయవాడ ఆటోనగరులో ఒక పెయింటరు నడుగగా, "ఓనరు ఏం రాయమంటే అది రాస్తామండీ, ఇంగ్లీషువి మామూలే, అడక్కుండానే వేసేస్తాం" అనెను. అడుగకయే వ్రాసినదానిని ఎవరును చదువకపోవుటలో వింత యేమి?

తెలుగున వ్రాసినచో ఇచ్ఛాపురము దాటిన పిదప చదువు నాథుడెవ్వడని తాము సెలవిత్తురేమో. నిజమే, పంజాబు లారీపై గురుముఖిలో నున్నది దీవెనయో శాపమో నేనును ఎఱుగను. అయితే పెట్రోలు ట్యాంకరుపై ఎఱ్ఱని పలకలో అగ్నిజ్వాల గీసియుండును గదా, దానిని చూచి బీడీ పారవేయుటకు ఏ లిపియు నక్కఱలేదు. అట్లే రెండు బండ్లును వాని నడుమ ఎడమును బొమ్మగా గీయించి, దాని క్రింద ఆ బండి పుట్టిన రాష్ట్రపు భాషలో ఒక్క మాట చేర్పింపుడని ప్రార్థన.

చోటు చాలదని యజమానులు మొఱపెట్టుకొందురేని నెమళ్లలో ఒకదానిని తగ్గించినను నష్టము లేదు. తిట్టును మాత్రము ముట్టవలదు. పాలవానికి ఆ దారిలో చదువుకొనుటకు వేఱొకటి లేదు.

ఇట్లు,
తమ విధేయుడు