దగ్గరికొచ్చేదానికి దూరపు కన్ను

నేను చేసిన తెలివితక్కువ పనుల్లోకెల్లా ఖరీదైనది ఇది. దూరాన పోయేదాన్ని దగ్గరికి లాక్కొచ్చే లెన్సు కొని, నా దగ్గరికే దూసుకొచ్చే విమానాల ముందు దాన్ని పట్టుకుని నిలబడ్డాను. ఒక్కరోజుతో పోలేదు, ఎండాకాలమంతా అదే పని. తెలియక చేశానని కూడా చెప్పుకోలేను. లెక్కలతో బతికేవాణ్ణి. కాగితం మీద రెండు వరసల లెక్క వేసి ఉంటే సరిపోయేది. వేయలేదు. ఎందుకు వేయలేదో ఇప్పుడు చెప్పగలను.

మాది విశాఖపట్నం. 1971 యుద్ధంలో మన మిసైల్ బోట్లు కరాచీ రేవును దెబ్బతీసిన రోజుకి గుర్తుగా డిసెంబర్ 4న నేవీ డే జరుపుతారు. ఆ సందర్భంగా ఆర్కే బీచ్‌లో చేసే విన్యాసాలు చూస్తూ పెరిగాను. కెమెరా పట్టడం నేర్చుకున్నదీ అక్కడే. ఇసుకలో నిలబడితే విమానం సముద్రం మీద ఎక్కడో ఉంటుంది. మధ్యలో ఉప్పుగాలి, తేమ, జనం తలలు. ఏది వస్తోందో మైకులో ముందే చెబుతారు. తల పైకెత్తి చూడాలి. విమానం వెనక ఉండేది ఆకాశమే కాబట్టి ఆ వెలుగుకి కెమెరా తడబడి విమానాన్ని నల్లగా తీస్తుంది. అందుకని ఎక్స్‌పోజర్‌ని ఒక మెట్టు పెంచి పెట్టుకుంటాం. స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకున్న 300 మి.మీ. లెన్సుతో తీస్తే డోర్నియర్ విమానం ఫొటోలో గోరంత వచ్చేది. ఇంకా పెద్ద లెన్సు ఉండాలి అన్న కోరిక అప్పుడు మనసులో పడింది. అది తీరకుండానే ఉద్యోగం మీద ఇంగ్లండ్ వచ్చేశాను.

ఇక్కడికొచ్చాక మాక్ లూప్ గురించి తెలిసింది. వేల్స్ కొండల్లో, ఉత్తరాన డోల్గెహ్లై, దక్షిణాన మహున్‌హ్లెత్ అనే ఊళ్ల మధ్య, ఒక చుట్టుగా కలిసే లోయలవి. బ్రిటిష్ సైన్యం లెక్కలో అది ఏడో నంబరు లో ఫ్లయింగ్ ఏరియా. రాడార్‌కి దొరక్కుండా నేలని అంటిపెట్టుకుని పోవడం పైలట్లు అక్కడ సాధన చేస్తారు. యుద్ధవిమానం మామూలుగా 250 అడుగుల, అంటే 76 మీటర్ల ఎత్తు దాకా దిగుతుంది. అది లోయలో అంత కిందుగా పోతుంటే, కొండవాలు మీద నిలబడ్డ మనిషి దానికంటే పైన ఉంటాడు. విమానం వీపు కనిపిస్తుంది. కాక్‌పిట్ అద్దం లోపల హెల్మెట్టు మన వైపు తిరగడం కనిపిస్తుంది. విమానాన్ని ఇలా కిందికి వంగి చూడగలిగే చోట్లు ప్రపంచంలో చాలా తక్కువ. ఆంగ్లెసీ దీవిలోని వ్యాలీ స్థావరం నుంచి హాక్ శిక్షణ విమానాలు వస్తాయి. టైఫూన్ యుద్ధవిమానాలు వస్తాయి. లేకెన్‌హీత్ స్థావరం నుంచి అమెరికన్ల ఎఫ్-15లు వస్తాయి. హాక్ మనకీ పరాయిది కాదు. బీదర్‌లో మన వైమానిక దళం కుర్రాళ్లు జెట్ నడపడం నేర్చుకునేది దాని మీదే, సూర్యకిరణ్ విన్యాసాల జట్టు ఎగిరేదీ దాంట్లోనే.

ఆ చోటు గురించి చదివిన వారంలోనే 150-600 మి.మీ. జూమ్ లెన్సు కొన్నాను. దానికి తగిలించుకోవడానికి 1.4 రెట్లు పెంచే కన్వర్టర్ కొన్నాను. బరువు మోయడానికి పెద్ద ట్రైపాడ్, దాని మీద లెన్సు అటూ ఇటూ తిరగడానికి గింబల్ తల. వీడియో కోసం ఇంకో కెమెరా. ఆ ఏడాది వేసవిలో ఇంటికి వెళ్లడానికి దాచిన డబ్బు అది. “ఇక్కడ లెన్సులు అద్దెకిస్తారటండీ, ముందు ఒకసారి తెచ్చి చూడొచ్చు కదా” అంది నా భార్య. అద్దె డబ్బు దండగ అన్నాను. అమ్మకి ఫోన్ చేసి, ఈసారి రావడం కుదరదమ్మా, ఆఫీసులో పని అని చెప్పాను. పని లేదు.

వేయవలసిన లెక్క ఇదీ. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వెడల్పు 36 మి.మీ. 600 మి.మీ. లెన్సు పెడితే, విమానం పోయే 200 మీటర్ల దూరంలో కెమెరాకి పట్టేది 12 మీటర్ల వెడల్పు. టైఫూన్ పొడవు 16 మీటర్లు. అంటే విమానం పక్కగా పోతుంటే ముక్కు పడితే తోక పడదు, తోక పడితే ముక్కు పడదు. నేను కన్వర్టర్ కూడా తగిలించాను. అప్పుడు పట్టేది ఎనిమిదిన్నర మీటర్లు. పైగా లెన్సు అపర్చర్ ఎఫ్/6.3 కాస్తా ఎఫ్/9 అయి, మబ్బు పట్టిన వేల్స్ ఆకాశం కింద సగం వెలుతురు పోయింది. 300 దగ్గర పెట్టుకుంటే 24 మీటర్లు పడుతుంది, విమానం మొత్తం వస్తుంది, చుట్టూ కాస్త కొండ కూడా వస్తుంది. నా లెన్సులోనే 300 ఉంది. అయినా నేను దాన్ని 600 మీంచి తిప్పలేదు. అంత డబ్బు పోసింది 600 కోసం.

వేగం సంగతి కూడా ఇందులోనే ఉంది. అక్కడ జెట్లు పోయే 420 నాట్ల వేగమంటే సెకనుకి 216 మీటర్లు. నా 12 మీటర్ల ఫ్రేమును విమానం దాటడానికి పట్టే కాలం సెకనులో పద్దెనిమిదో వంతు. చెయ్యి అదే వేగంతో తిరగాలి, మనిషి నడుము నుంచి తిరగాలి. ట్రైపాడ్ మీద అది నావల్ల కాలేదు. వాలు మీద దాని కాళ్లు సమంగా నిలవవు, విమానం ఎదురుగా వచ్చి పక్కకి ఒరిగి కిందికి పోతుంటే గింబల్ తలకి నా కాళ్లు అడ్డం, ట్రైపాడ్ కాళ్లకి నేను అడ్డం. చుట్టూ ఉన్నవాళ్లలో ఎక్కువమంది కెమెరా చేత్తోనే పట్టుకుని ఉన్నారు. అది కళ్లారా చూస్తూ కూడా వాళ్ల దగ్గర మంచి ట్రైపాడ్ లేదేమో అనుకున్నాను.

వెలుతురు విషయంలోనూ బీచ్ అలవాటే నన్ను ముంచింది. అక్కడ వెనక ఆకాశం. ఇక్కడ వెనక కొండవాలు, ముదురు పచ్చ, వాన పడితే ఇంకా ముదురు. ఆ చీకటిని చూసి కెమెరా తనంతట తానే వెలుతురు పెంచుతుంది. దాని మీద నేను పాత అలవాటుగా ఒక మెట్టు పెంచి పెట్టాను. బూడిదరంగు విమానం వీపు తెల్లగా కాలిపోయి, ఏవి చూడ్డానికి అంత దూరం వచ్చానో ఆ గుర్తులు, రివెట్ల వరసలు ఏవీ మిగల్లేదు. పైగా విమానం ఒక్క సెకనులోనే ఆకాశం ముందు నుంచి కొండ ముందుకి వస్తుంది. కెమెరా తన లెక్క మార్చుకునేలోపు వెళ్లిపోతుంది. ఎక్స్‌పోజర్ చేత్తో పెట్టి, మబ్బు మారినప్పుడు మాత్రమే సరిచేసుకోవాలి. ఇది ఎవరూ దాచిన రహస్యం కాదు.

చెవి కూడా మోసం చేసింది. చప్పుడు వినిపించాక కెమెరా ఎత్తుదామని కూర్చునేవాణ్ణి. శబ్దం సెకనుకి 340 మీటర్లు పోతుంది, విమానం 216. కిలోమీటరు దూరంలో చేసిన చప్పుడు మన చెవిన పడేసరికి విమానం 365 మీటర్ల దగ్గరకి వచ్చేస్తుంది; ఎదురుగా చేరడానికి రెండు సెకన్లు కూడా ఉండవు. అక్కడ మైకు లేదు, వ్యాఖ్యాత లేడు. లోయ మొదలు మీద కన్ను వేసి ఉంచడం ఒక్కటే దారి. ఇంకా చిన్న సంగతొకటి: మొదట నేను వెళ్లినవన్నీ శని, ఆదివారాలు. సైన్యం ఈ శిక్షణ మామూలుగా సోమవారం నుంచి శుక్రవారం దాకానే చేస్తుంది. కొండెక్కి గొర్రెల్ని చూసి దిగి వచ్చాను.

ప్రొపెల్లర్ విమానాల ఫొటోలు తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది. ఏ400ఎం అనే పెద్ద రవాణా విమానం ఒక మధ్యాహ్నం నిదానంగా లోయలోకి వచ్చింది. నాకు దొరికిన అవకాశాల్లో అంత మంచిది మళ్లీ రాలేదు. జెట్‌ల కోసం పెట్టిన 2000వ వంతు సెకను షట్టరుతోనే తీశాను. నాలుగు ప్రొపెల్లర్లూ ఆగిపోయినట్టు వచ్చాయి. బొమ్మలకొలువులో దారం కట్టి వేలాడదీసిన విమానంలా ఉంది. 200వ వంతుకో, చెయ్యి కుదిరితే 125వ వంతుకో దించి ఉంటే రెక్కలు తిరుగుతున్నట్టు కనిపించేవి. డయల్ నాలుగు మెట్లు తిప్పడమే పని.

వీడియో కథ ఇంకా పెద్దది. జెట్‌ని చూసినవాళ్లకి అసలు కావాల్సింది కదలిక, శబ్దం. ఆ రెండూ నేను పాడుచేశాను. మరీ పొడవైన లెన్సుతో తీస్తే ప్రతి వణుకూ తెర మీద భూకంపమే. సెన్సర్ దృశ్యాన్ని పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కాబట్టి, వేగంగా తిప్పుతుంటే వెనకున్న చెట్లు, కంచెలు పక్కకి ఒరిగిపోయాయి. రికార్డింగ్ బటన్ విమానం కనిపించాకే నొక్కేవాణ్ణి. మొదలయ్యేసరికి అది పోయేది. శబ్దం స్థాయి కెమెరాకే వదిలేశాను. నిశ్శబ్దంగా ఉన్నంతసేపూ అది గాలినీ గొర్రెల అరుపుల్నీ పెంచుకుంటూ పోయి, జెట్ రాగానే తట్టుకోలేక శబ్దమంతా పగిలిపోయింది. ఆ ఉరుము ఛాతీలో కొట్టిన దెబ్బ నాకు తెలుసు. ఇంటికొచ్చి నా భార్యకి వినిపించబోతే గరగర తప్ప ఏమీ లేదు.

ఒకరోజు పక్కన కూర్చున్న పెద్దాయన, ఆ లోయ చుట్టుపక్కలవాడే, నా తంటాలు చూసి, ఇంతకుముందు ఎక్కడ తీసేవాడివి అని అడిగాడు. సముద్రం ఒడ్డున అన్నాను. తన 100-400 లెన్సు విప్పి నా చేతిలో పెట్టాడు. ఆ మధ్యాహ్నం వచ్చిన హాక్ ముక్కు నుంచి తోక దాకా ఫ్రేములో పడింది. అప్పుడు అర్థమైంది నాకు. నేను వేల్స్ కోసం ఏదీ కొనలేదు. ఆర్కే బీచ్ ఇసుకలో నిలబడిన కుర్రాడికి అప్పుడు దొరకనిది ఇప్పుడు కొనిపెట్టాను. ఆ కోరిక తప్పు కాదు, ఆ బీచ్‌కి 600 నిజంగానే కావాలి. కానీ అమ్మని చూడ్డానికి దాచిన డబ్బుతో, అమ్మకి అబద్ధం చెప్పి తీర్చుకోవలసిన కోరిక కాదు. తర్వాతి సంవత్సరం ఇంటికి వెళ్లినప్పుడు ఆమెకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. నాకు మాత్రం ఆ వేసవి తిరిగి రాదు.

ట్రైపాడ్, గింబల్, కన్వర్టర్ అమ్మేశాను. ఒకరు వాడిన 100-400 కొన్నాను. వీడియోకి 70-200 చాలు. సెకనుకి 50 ఫ్రేములు, 100వ వంతు షట్టరు, వెలుతురు ఎక్కువైతే దాన్ని తగ్గించడానికి లెన్సు ముందు ఎన్‌డీ ఫిల్టరు. శబ్దానికి వేరే రికార్డర్, దాని మైకుకి బొచ్చు తొడుగు, స్థాయి బాగా తగ్గించి చేత్తో పెట్టి రాయి చాటున ఉంచుతాను. 600 లెన్సు విశాఖలో మా తమ్ముడి దగ్గర ఉంది. నేవీ డేకి వాడు దాంతోనే తీస్తాడు, చక్కగా వస్తాయి.

వేల్స్ వెళ్దామనుకుంటున్నవాళ్లు పనిదినాల్లో వెళ్లండి, వాన కోటు మర్చిపోకండి. లెన్సు కొనేముందు మీరు నిలబడే చోటు నుంచి విమానం పోయే దారికి ఎన్ని మీటర్లో కనుక్కుని, పైన చెప్పిన లెక్క మీ కాగితం మీద మీరే వేసి చూడండి. ఆ తర్వాత కూడా కొనకండి, ముందు ఒక వారం అద్దెకు తెచ్చుకోండి.