కంప్యూటరు ఒప్పుకుంది, ఇక తప్పేముంది?

అమెరికాలో ఈ-ఫైల్ చేసిన పన్ను రిటర్ను రిజెక్టయిందని ఎవరి ముందైనా నోరు జారితే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది. "ఆ పెన్షన్ ఫారం డిలీట్ కొట్టి మళ్ళీ ఎక్కించండి. అప్పటికీ పోకపోతే ఫారమే తీసిపారెయ్యండి. యాక్సెప్టయి కూర్చుంటుంది." చెప్పేవాడు గుడి క్యాంటీన్లో ఇడ్లీ తింటూ చెబుతాడు. వినేది డెబ్బై దాటిన పెద్దాయన. పని చేసినన్నాళ్ళూ ప్రతి లెక్కా రెండుసార్లు సరిచూసుకున్న మనిషి, రిటైరయ్యాక ఈ మాట విని తలూపుతాడు.

ఫారం డిలీట్ చేస్తే వచ్చిన పెన్షన్ రాకుండా పోతుందా అని మాత్రం అడగడు. అడిగినా సలహాదారు దగ్గర జవాబుంది: "యాక్సెప్టయితే అయిపోయినట్టే కదండీ!"

1965 ఇమ్మిగ్రేషన్ చట్టం తలుపులు తీశాక అమెరికా వెళ్ళిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు పెన్షనర్లు. జనవరి ఆఖరుకల్లా, నిరుడు ఎంత డబ్బు వచ్చిందో చెప్పే కాగితాలు వాళ్ళ ఇళ్ళకి దిగుతాయి. అన్నిటిదీ ఒకే వంశం, 1099. ఫెడరల్ ఉద్యోగం చేసినాయనకి ఆ పెన్షన్లు చూసే ఓపీఎం శాఖ పంపేది సీఎస్ఏ-1099-ఆర్. ఆయన పోయాక ఆవిడకి వచ్చేది సీఎస్ఎఫ్-1099-ఆర్. ఫెడరల్ ఉద్యోగుల పొదుపు ఖాతా టీఎస్పీలో దాచుకున్నది తీస్తే వేరే 1099-ఆర్. సొంత రిటైర్మెంటు ఖాతా ఐఆర్ఏలోంచి తీస్తే ఇంకొకటి. సోషల్ సెక్యూరిటీ వారిది ఎస్ఎస్ఏ-1099, దానికి చివర ఆర్ లేదు. రైల్‌రోడ్డులో చేసినవారి యోగం మరీ గొప్పది. నీలం కాగితం ఆర్ఆర్‌బీ-1099, ఆకుపచ్చ కాగితం ఆర్ఆర్‌బీ-1099-ఆర్. మొదటిది సోషల్ సెక్యూరిటీ లెక్కలోకి పోవాలి, రెండోది పెన్షన్ లెక్కలోకి. పన్ను కట్టే పద్ధతి మొత్తం ఆ ఒక్క ఆర్ మీద ఆధారపడి ఉంటుంది. పాపం, రంగు చూసి పోల్చుకుందామంటే అల్లుడుగారు వాటిని నలుపు తెలుపుల్లో స్కాన్ చేసి దాచారు.

ఆకుపచ్చ కాగితం కాస్త దగ్గరగా చూడండి. అందులో నాలుగో బాక్సులో ఉండేది మీకు చెల్లించిన పెన్షన్. మామూలు 1099-ఆర్ నాలుగో బాక్సులో ఉండేది మీ దగ్గర కోసుకున్న పన్ను. ఆకుపచ్చదాంట్లో ఏడో బాక్సంటే మొత్తం చెల్లింపు, మామూలుదాంట్లో ఏడో బాక్సంటే ఒక కోడు. కోసిన పన్ను కోసం ఆకుపచ్చదాంట్లో తొమ్మిదో బాక్సు దాకా వెతుక్కుంటూ వెళ్ళాలి. బాక్సు నంబరుకి బాక్సు నంబరు చూసుకుని ఎక్కించే బుద్ధిమంతుడు 24,000 డాలర్ల పెన్షన్‌ని తీసుకెళ్ళి కోసిన పన్ను గడిలో పెడతాడు. తెర మూలన రిఫండు అంకె ఒక్కసారిగా ఎగిరిపడుతుంది.

"ఇంత వస్తుందా బాబూ?"

"సాఫ్ట్‌వేరే చెబుతోంది కదా మావయ్యగారూ!"

ఆ పూట ఇంట్లో పాయసం. రిజెక్షను మర్నాడు.

సీఎస్ఏ కాగితంలో ఇంకో వినోదం ఉంది. పన్ను పడే మొత్తం ఎంతో రాయాల్సిన 2ఎ గడిలో చాలామందికి అంకె ఉండదు, 'అన్‌నోన్' అని అచ్చుపడి ఉంటుంది. పెన్షనిచ్చే ప్రభుత్వ శాఖే తనకు తెలియదని రాసిచ్చింది. పన్ను తీసుకునే ప్రభుత్వ శాఖ మాత్రం ఇదమిత్థంగా చెప్పమంటుంది. మధ్యలో నలిగేది పెన్షనరు. ఉద్యోగంలో ఉండగా తన జీతంలోంచి ఎంత కట్టాడో వెతికి, పెన్షన్ మొదలైన నాటి వయసును బట్టి భాగించుకోవాలి. ఒక్కరి మీదే ఉన్న పెన్షన్ 61కీ 65కీ మధ్య మొదలైతే 260 నెలలతో, 66కీ 70కీ మధ్యనైతే 210తో. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'సింప్లిఫైడ్ మెథడ్'. ఆ పేరు పెట్టినాయనకి హాస్యప్రియత్వం దండిగా ఉండి ఉండాలి.

ఇక ఈ-ఫైల్ గేటు దగ్గర కూర్చున్న పన్ను శాఖ యంత్రం సంగతి. 1099-ఆర్ విషయంలో అది పట్టుబట్టి చూసేది డబ్బిచ్చినవాడి తొమ్మిదంకెల ఈఐఎన్ నంబరు, తన జాబితాలో ఉన్నదానితో సరిపోయిందా లేదా అని. ఆ జాబితా దాని దగ్గరే ఉంది, నంబరూ అది ఇచ్చిందే. అయినా మీ నోట వినాలి. పెద్ద పెట్టుబడి సంస్థల కాగితం మీద లోగో అరచేయంత ఉంటుంది. డబ్బు పంపింది మాత్రం దాని ట్రస్టు కంపెనీ, ఆ పేరూ నంబరూ మూలన చీమతలకాయంత అక్షరాల్లో ఉంటాయి. మనవాళ్ళు లోగో చూసి, నిరుడు ఎక్కించిన నంబరే ఈసారీ ఉంచేస్తారు. ఈలోగా రెండు కంపెనీలు కలిసిపోయి నంబరు మారి ఉంటుంది. రిజెక్ట్.

అంత నిఘా ఉన్న గేటు, డబ్బు మొత్తం దగ్గర ఎంత ఉదారమో చూడండి. మీకు జనవరి 31కల్లా కాగితం అందాలి. డబ్బిచ్చినవాడు అదే సమాచారాన్ని ఈ-ఫైల్లో పన్ను శాఖ ఐఆర్ఎస్‌కి పంపడానికి మార్చి 31 దాకా గడువుంది. ఫిబ్రవరిలో మీరు రిటర్ను పంపేసరికి దాని చేతిలో పోల్చి చూడ్డానికి ఏమీ ఉండకపోవచ్చు. నలభై వేలని నాలుగు వేలని కొట్టినా, లోపలి కూడికలు కుదిరితే లోనికి రానిస్తుంది. నంబరులో ఒక అంకె తప్పితే గెంటేస్తుంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారి గోత్రం ఒక్కటే అడుగుతాడు, హుండీలో ఏం వేశారో చూడడు.

సంతకం సంగతీ చెప్పుకోవాలి. మీరు మీరేనని నిరూపించడానికి నిరుటి రిటర్నులోని ఏజీఐ, అంటే సర్దుబాటు చేసిన స్థూల ఆదాయం అంకె వెయ్యాలి. తప్పితే ఐఎన్‌డి-031-04 అని కోడొస్తుంది. నిరుటి రిటర్ను వాళ్ళ దగ్గరే ఇంకా ప్రాసెస్ కాకుండా పడుంటే? మీ దగ్గరున్న అసలు అంకె వేస్తే చెల్లదు, సున్నా వెయ్యండని ఐఆర్ఎస్సే చెబుతుంది. నిజం చెబితే రిజెక్ట్, సున్నా అంటే యాక్సెప్ట్. ఇంత శిక్షణ సర్కారే ఇచ్చాక గుడి క్యాంటీన్ సలహాదారుని తప్పుపట్టడం ధర్మం కాదేమో.

మన పేర్లకి ప్రత్యేక సత్కారం. యంత్రం ఇంటిపేరులో మొదటి నాలుగక్షరాలు తీసుకుని సోషల్ సెక్యూరిటీ రికార్డుతో పోలుస్తుంది. ఇంటిపేరు ముందు రాసుకోవడం మన అలవాటు. ఒక ఆఫీసులో ముందూ ఒక ఆఫీసులో వెనకా పడ్డ పేరుతో ముప్పయ్యేళ్ళు లాగించినవాళ్ళు ఎందరో.

సలహా దగ్గరికి మళ్ళీ వద్దాం. దానికి శాఖోపశాఖలున్నాయి. సీఎస్ఏని మామూలు 1099-ఆర్ కింద వెయ్యండి అనేవారు కొందరు. అది కుదరకపోతే 'ఇతర ఆదాయం' కింద తోసెయ్యండి అనేవారు ఇంకొందరు. ఇంటర్నెట్‌లో దొరికిన ఈఐఎన్ అతికించమనేవారూ ఉన్నారు. ఒకే సంస్థ నుంచి ఒకేలాంటివి రెండు 1099-ఆర్‌లు వస్తే డూప్లికేటని ఒకటి చించేయమనే మహానుభావుణ్ణి విన్నాను. ఒకటి మామూలు ఐఆర్ఏది, రెండోది రాత్ ఐఆర్ఏది అయి ఉండొచ్చని ఆయనకి తట్టదు. ఖాతా నంబరు చదవడం ఆయన దృష్టిలో పిరికితనం. వీళ్ళలో ఒక్కరు కూడా చెప్పని మాట ఒకటుంది: కాగితం తీసి, అది ఏ రకమో పై వరుస చదివి, డబ్బిచ్చినవాడి గడిలో ఉన్న నంబరు ఒక్కొక్క అంకే సరిచూసుకోండి. అదీ సరిగ్గానే ఉంటే డబ్బిచ్చినవాడికి ఫోన్ చెయ్యండి. అప్పటికీ యంత్రం మొండికేస్తే ప్రింటు తీసి, పన్ను కోసిన 1099-ఆర్ జతచేసి పోస్టులో పంపండి. గడువు రోజున రిజెక్టయినా మళ్ళీ ఈ-ఫైల్ చెయ్యడానికి 5 రోజులు, కాగితం మీద పంపడానికి 10 రోజులు ఇస్తారు. ఇందులో చమత్కారం లేదు కాబట్టి ఇడ్లీల దగ్గర చెల్లుబాటు కాదు.

కాగితమంటే భయమెందుకో తెలుసు. కోవిడ్ తర్వాత ఆస్టిన్‌లోని ఐఆర్ఎస్ కేంద్రంలో రిటర్నుల కట్టలు ఉద్యోగుల క్యాంటీన్ దాకా పేర్చిన ఫొటోలు 2022లో పత్రికల్లో వచ్చాయి. ఆ గుట్టలు చూసినవాడు ఫారం డిలీట్ చెయ్యడానికి మొగ్గాడంటే కొంత అర్థం చేసుకోవచ్చు. కానీ యాక్సెప్టెడ్ అంటే గడులు నిండాయి, నంబర్లు కలిశాయి అని మాత్రమే. మీ లెక్క ఒప్పని ఎవరూ అనలేదు.

ఆ సంగతి చెప్పడానికి సీపీ2000 అనే ఉత్తరం నింపాదిగా, ఒక్కోసారి ఏడాది దాటాక వస్తుంది. 'ఫలానా చోటి నుంచి మీకు ఇంత పెన్షన్ వచ్చినట్టు మా దగ్గరుంది, మీ రిటర్నులో లేదు' అని. డిలీట్ కొట్టిన ఫారం డబ్బిచ్చినవాడు పంపిన కాపీగా వాళ్ళ దగ్గర భద్రంగానే ఉంది. పన్ను, వడ్డీ, మొత్తం పెద్దదైతే 20 శాతం జరిమానా. జవాబు పోస్టులోగానీ, ఫ్యాక్సులోగానీ, అప్‌లోడ్ చేసిగానీ పంపొచ్చు. అప్‌లోడంటే మావయ్యగారికి నమ్మకం పోయింది, పోస్టులో పోతుందని భయం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే అల్లుడుగారు ప్రస్తుతం ఊళ్ళో ఫ్యాక్సు మిషనున్న షాపు కోసం కారేసుకుని తిరుగుతున్నారు.